ఉగాది సంబరాలు: ‘ఈ ఫొటో ఎక్కడిది?’ ఆట ఏర్పాట్లు

సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. ఉగాది తర్వాతి శనివారం మన మెల్‌బోర్న్ వేడుకలో, భోజనాలు ముగిశాక, ఈ ఆటకు ముప్పావు గంట దొరికింది. నిరుడు ఏమైందో గుర్తుంది కదా? ఇరవై ఫొటోలు అడిగితే చార్మినార్ నాలుగు, తిరుమల మూడు, ప్రకాశం బ్యారేజీ మూడు వచ్చాయి. బొమ్మ తెర మీద పూర్తిగా పడకముందే జవాబు వచ్చేది. ఒక్కరైనా నోరు విప్పి ఒక కబురు చెప్పలేదు.

కాబట్టి ఈసారి క్యాలెండర్లలో వేసే చోట్లు వద్దు. మీరు రోజూ నిలబడిన చోటు కావాలి. బస్టాండు, బడి గేటు, కిరాణా కొట్టు, స్నానాల రేవు, ఏదైనా సరే. పాత ఆల్బంలోని కాగితపు ఫొటో అయితే మరీ మంచిది, పిల్లలు ఫోనులో వెతికి పట్టుకోలేరు. ఫోనులో తీసినవైతే లోపల దాగి ఉండే స్థలం వివరాలు తీసేసి పంపండి.

స్కానింగ్ చూసే తమ్ముడు:
నమూనాగా నాది ఒకటి పెడుతున్నాను. 2006లో రైలు కిటికీలోంచి తీసింది. నది, ఇసుక తిన్నెలు, పక్కనే రైళ్లు తిరగని ఒక పాత వంతెన.

ప్రశ్నల జట్టు అన్నయ్య:
గోదావరి అని చంటిపిల్లవాడూ చెబుతాడు. నువ్వు ఏ వంతెన మీద ఉన్నావు అన్నదే ప్రశ్న. ఆ పాతది 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన, 1997లో దాని మీద రైళ్లు ఆపేశారు. 1974 నాటి రోడ్డు, రైలు వంతెన మీద ఉంటే అది ఇంత దగ్గరగా కనిపించదు. కాబట్టి ఆర్చి వంతెన. రాజమండ్రి. సరేనా?

స్కానింగ్ చూసే తమ్ముడు:
సరే అన్నయ్యా. ఇక కబురు. నా చిన్నప్పుడు గోదావరి వస్తోందంటే మా అమ్మ కొంగు ముడి విప్పి అందరికీ తలా ఒక నాణెం పంచేది. ఒకసారి నేను విసిరిన రూపాయి కిటికీ కమ్మీకి తగిలి మళ్లీ నా కాళ్ల దగ్గరే పడింది. మెల్లగా కాలి కింద నొక్కి పెట్టి, తర్వాత జేబులో వేసుకున్నాను. కొవ్వూరు దాటాక దండం కూడా పెట్టాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

వంటల జట్టు వదిన:
మంచివాడివే! నాది చూడండి. పొలం చుట్టూ కంచెకు బదులు నిలువుగా పాతిన రాతి పలకలు, వాటి మీద ఆరేసిన దుప్పటి. మనుషులెవరూ లేరు.

ప్రశ్నల జట్టు అన్నయ్య:
కడప. బండలు చూస్తే తెలియడం లేదా?

వంటల జట్టు వదిన:
తెలియడం లేదు మీకు. కడప బండ నలుపు. ఇది బూడిద రంగు, అక్కడక్కడ పసుపు ఛాయ. మాది తాండూరు. ఎండాకాలం రాత్రి నేల మీద నీళ్లు చల్లుకుని పడుకుంటే ఆ రాతి చల్లదనం ఒంటికి ఎలా పాకుతుందో మీకు చెప్పినా అర్థం కాదు. ఇక్కడ ఇంట్లో కార్పెట్ మీద నడిచినప్పుడల్లా అదే గుర్తుకొస్తుంది.

కర్నూలు బాబాయి:
అమ్మాయీ, మా బేతంచెర్లలోనూ నాపరాయి కంచెలు ఉంటాయి. నేను బేతంచెర్ల అని రాస్తే సున్నా వేస్తారా?

సమన్వయకర్త:
వేయం బాబాయ్. రాయి ఏమిటో పట్టుకుని ఊరు తప్పినా సగం మార్కులు. నిజానికి నాకు మార్కులే ఇష్టం లేదు గాని, బహుమతి లేకపోతే యువకులు కుర్చీల్లో కూర్చోరు. ఊరు చెబితే ఐదు, జిల్లా చెబితే రెండు. తప్పు చెప్పినా, ఆ ఫొటో చూసి తనకు గుర్తొచ్చిన సొంత కబురు చెప్పినవారికి మూడు. ఈ చివరిది నా పట్టుదల, ఎవరూ మార్చవద్దు.

ప్రశ్నల జట్టు అన్నయ్య:
ఆధారాలు ఎలా వెతకాలో ముందే చెబుదాం. స్టేషను పేరు చెరిపేసినా బోర్డు కింద సముద్ర మట్టం ఎత్తు ఉంచండి. పదుల్లో ఉంటే కోస్తా కావచ్చు, 500 మీటర్లు దాటితే హైదరాబాదు చుట్టుపక్కలా చూడవచ్చు. సొంత బండ్ల నంబర్లు చెరపండి, మొదటి అక్షరాలు, జిల్లా అంకె మాత్రం వదలండి. ఏపీ 05 అంటే తూర్పు గోదావరి, ఏపీ 16 అంటే కృష్ణా. ఏపీ 39 కనిపిస్తే ఫొటో 2019కి ముందుది కాదు, ఏ జిల్లాయో కూడా తెలియదు. టీఎస్ అయితే 2014 తర్వాతిది, టీజీ అయితే 2024 తర్వాతిది. ఆర్టీసీ బస్సు నంబరు చూసి మోసపోవద్దు. రాష్ట్రం విడిపోకముందు ఎక్కడి బస్సయినా హైదరాబాదులోనే ‘జెడ్’ వరుసలో నమోదయ్యేది.

పిల్లల విభాగం అక్క:
మా పిల్లలకు ఏపీ 16 అంటే ఏమి తెలుస్తుంది? ఐదు ఫొటోలు మెల్‌బోర్న్‌వి పెట్టండి. అక్కడా అదే నియమం, ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషను గడియారాలు వద్దు. టార్నీట్ స్టేషను దగ్గర పొద్దున్నే ఖాళీ కోసం తిరిగే కార్ల పార్కింగు పెట్టండి. ఊరి నుంచి వచ్చిన తాతయ్యలు రోజూ సాయంత్రం నడిచే చెరువు గట్టు పెట్టండి. ఆ గట్టు మీద ఏ బల్ల ఎవరిదో వాళ్లకే తెలుసు.

సమన్వయకర్త:
చాలా బాగుంది, ఖాయం. ఫొటోలు వచ్చే ఆదివారం రాత్రిలోగా తమ్ముడికి పంపండి, మనిషికి రెండే. తెలంగాణ ఎనిమిది, ఆంధ్ర ఎనిమిది, మెల్‌బోర్న్ ఐదు. బెంగళూరులోనో ఖరగ్‌పూర్‌లోనో పెరిగిన వాళ్లవి మూడు. మైకు ఒకటే ఉంది, రెండోది ఎవరైనా తేగలరా?

హాలు బాధ్యుడు:
నేను తెస్తాను. ఐదింటికల్లా తాళం అప్పగించాలి. తమ్ముడూ, మీ అమ్మగారు వచ్చే వారం దిగుతున్నారు కదా? ముందు వరుసలో కుర్చీ వేయమంటావా?

స్కానింగ్ చూసే తమ్ముడు:
వేయండి. గోదావరి ఫొటో మాత్రం జాబితాలోంచి తీసేస్తున్నాను.

వంటల జట్టు వదిన:
తీయడానికి వీల్లేదు. మొదటి ఫొటో అదే.