ఇఫ్‌డెఫ్‌ల చిక్కు: ఏ బిల్డ్ ఆగిపోతుందో ముందే పట్టేదెలా?

ప్రశ్న: కరెంటు మీటర్ల ఫర్మ్‌వేర్ రాస్తాను. ఒకటే సీ కోడ్, ముగ్గురు కస్టమర్లు, ఎక్కడ చూసినా ఇఫ్‌డెఫ్‌లే (ఫలానా ఆప్షన్ ఆన్ ఉంటేనే ఈ కోడ్ ముక్కని కలపమని చెప్పే షరతులు). జీఎస్ఎం (ఎస్ఎంఎస్ పంపే మొబైల్ భాగం) ఆన్, డిస్‌ప్లే ఆఫ్ పెడితేనే కంపైల్ ఆగిపోతోంది. అన్ని కాంబినేషన్లూ బిల్డ్ చేయాల్సిందేనా అన్నా?

జవాబు: 20 ఆన్/ఆఫ్ స్విచ్‌లుంటేనే 10,48,576 కాంబినేషన్లు తమ్ముడూ, ఎన్నని చేస్తావ్? లినక్స్ కెర్నల్‌లో ఆప్షన్లే 10 వేలు దాటాయి. అందుకే పరిశోధకుడు క్రిస్టియన్ కెస్ట్నర్ బృందం 2011లో టైప్‌షెఫ్ అనే టూల్ మీద పేపర్ తెచ్చింది. అది ఇఫ్‌డెఫ్‌లను కొట్టేయదు. ఏ ముక్క ఏ షరతు కిందిదో ట్రీలోనే (కోడ్ నిర్మాణాన్ని చూపే చెట్టులోనే) గుర్తుపెట్టుకుని అన్ని వేరియంట్లనూ కలిపి ఒకేసారి పార్స్ చేస్తుంది, అంటే చదివి విడదీస్తుంది. చిన్న టీమ్‌కి మాత్రం బరువే.

మరో జవాబు: ముందు కేకాన్ఫిగ్ పెట్టండి, అంటే ఆప్షన్లను మెనూలో ఎంచుకునేందుకు లినక్స్ కెర్నల్ వాడే పద్ధతి. ఏ ఆప్షన్‌కి ఏది ఉండాలో ‘డిపెండ్స్ ఆన్’ అని రాస్తే కుదరని జతలు మెనూలోకే రావు.

అడిగినవారు: తప్పు దొరికింది! బఫర్ డిక్లరేషన్ డిస్‌ప్లే ఇఫ్‌డెఫ్ లోపల, దాన్ని వాడే ఎస్ఎంఎస్ ఫంక్షన్ బయట. కేకాన్ఫిగ్‌కి మేనేజర్‌ని ఒప్పించాలిక, అదే టెన్షన్.