అప్‌డేట్ తర్వాత తెర నల్లగా: బాగు చేయాలా, మళ్ళీ ఎక్కించాలా?

నయీంనగర్_డీటీపీ (బుధవారం, ఉదయం 10:40)
హన్మకొండ నయీంనగర్‌లో మా బాపు పెట్టిన డీటీపీ, ఫ్లెక్సీ డిజైన్ షాపు మాది. రెండేళ్ళుగా విండోస్ బదులు లినక్స్ మింట్ మీదే పని నడుస్తోంది. నిన్న రాత్రి అప్‌డేట్లు కొట్టి సిస్టమ్ బంద్ చేసి ఇంటికి పోయాను. పొద్దున వచ్చి చూస్తే మింట్ లోగో వచ్చి పోతోంది, తర్వాత అంతా నలుపు. పైన ఎడమ మూలలో ఒక చిన్న గీత కొట్టుకుంటోంది, అంతే. గ్రాఫిక్స్ కార్డు ఎన్‌విడియా జీటీఎక్స్ 1050. డ్రైవర్ మింట్ డ్రైవర్ మేనేజర్ నుంచి పెట్టిందే. రెండు మానిటర్లు.
పరకాల నుంచి పెండ్లివాళ్ళు పత్రిక ప్రూఫ్ చూసుకోవడానికి వచ్చి కూర్చున్నారు. ఒక దోస్తు ఫార్మాట్ కొట్టి మళ్ళీ ఎక్కించమంటున్నాడు, ఇంకొకడు అస్సలు ముట్టుకోవద్దంటున్నాడు. రెండేళ్ళ డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. ఏది సరైన పద్ధతి?

కాజీపేట_లాగ్ (10:52)
ఫార్మాట్ మాట మర్చిపోండి. మీ కేసు నాకు చాలా తెలిసిన కేసు. ఇంటెల్ వాళ్ళ ఐ915, ఏఎండీ వాళ్ళ ఏఎండీజీపీయూ డ్రైవర్లు కెర్నెల్‌తో, అంటే లినక్స్ గుండెకాయతో పాటే వస్తాయి. ఎన్‌విడియా వాళ్ళ సొంత డ్రైవర్ అలా కాదు, కెర్నెల్ బయట ఉంటుంది. కెర్నెల్ మారిన ప్రతిసారీ డీకేఎంఎస్ అనే ఏర్పాటు దాన్ని కొత్త కెర్నెల్‌కు తగ్గట్టు మళ్ళీ కంపైల్ చేయాలి. అలా కంపైల్ చేయడానికి కావాల్సిన ఫైళ్ళు, అంటే కొత్త కెర్నెల్ హెడర్లు దిగకపోతే మాడ్యూల్ (ఆ డ్రైవర్ ముక్క) తయారవదు, తెర రాదు.
కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. నల్ల తెర మీద లాగిన్ అడుగుతుంది. అక్కడ డీకేఎంఎస్ స్టేటస్ కొట్టి ఫోటో పెట్టండి. ఇంకో పని, బూట్ అయ్యేటప్పుడు ఎస్కేప్ నొక్కి, ఏ కెర్నెల్‌తో బూట్ కావాలో ఎంచుకునే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు పోయి పాత కెర్నెల్‌తో ఒకసారి చూడండి.

సుబేదారి_రిపేర్ (11:01)
పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. పెండ్లివాళ్ళు ఎదురుగా కూర్చుంటే లాగులు చదువుకుంటూ కూర్చోలేం. గ్రబ్‌లో మింట్ వరుస మీద 'ఇ' నొక్కండి. లినక్స్ అని మొదలయ్యే లైన్ చివర నోమోడ్‌సెట్ అని చేర్చి ఎఫ్10 కొట్టండి. తెర వస్తుంది. ఇవాళ పని చేసుకోండి. సాయంత్రం డేటా పెన్‌డ్రైవ్‌లోకి తీసి ఫ్రెష్‌గా ఎక్కించండి. గంట పని.

కాజీపేట_లాగ్ (11:08)
నోమోడ్‌సెట్ పరిష్కారం కాదు సార్. డ్రైవర్‌ను పక్కన పెట్టి, బోర్డు ఇచ్చిన ఒకే ఒక్క రిజల్యూషన్‌లో తెర చూపించమని కెర్నెల్‌కు చెప్పడం అది. రెండో మానిటర్ ఉండదు, గీసే పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఇరవై అడుగుల ఫ్లెక్సీ ఫైలు తెరిస్తే మౌస్ కూడా కదలదు.

సుబేదారి_రిపేర్ (11:11)
నేను నోమోడ్‌సెట్ పర్మనెంట్‌గా పెట్టి ఇచ్చిన మెషీన్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఒక్కరూ తిరిగి రాలేదు.

కాజీపేట_లాగ్ (11:14)
తిరిగి రాకపోవడం బాగైనట్టు కాదు. టైపింగ్ మెషీన్ వేరు, డిజైన్ మెషీన్ వేరు.

కేయూ_క్రాస్‌రోడ్ (11:20)
ఎన్‌విడియా ఉన్నచోట ఈ తలనొప్పి తప్పదు. లినక్స్ పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటి వాడే 2012లో ఫిన్లాండ్‌లో ఆల్టో యూనివర్సిటీ స్టేజీ మీద ఆ కంపెనీకి మధ్య వేలు చూపించాడు. ఆ డ్రైవర్ తీసేసి నూవో అనే ఓపెన్‌సోర్స్ డ్రైవర్ పెట్టుకోండి, అది 2010 నుంచి కెర్నెల్‌లోనే ఉంది.

కాజీపేట_లాగ్ (11:27)
1050కి నూవో సలహా ఇవ్వకండి. 900 సిరీస్ నుంచి కార్డు వేగం పెంచాలంటే కంపెనీ సంతకం చేసిన ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) కావాలి. 1050 లాంటి పాస్కల్ కార్డుల్లో నూవోకు ఆ దారి లేదు. కార్డు బూట్ అయిన వేగంలోనే ఉండిపోతుంది. 2022లో ఎన్‌విడియా బయటపెట్టిన ఓపెన్ మాడ్యూళ్ళు కూడా పాస్కల్ తర్వాత వచ్చిన ట్యూరింగ్ తరం, ఆ తర్వాతి కార్డులకే. పాస్కల్‌కు 580 వరుసే చివరి డ్రైవర్ అని కంపెనీయే చెప్పింది. కాబట్టి ఇప్పుడున్న డ్రైవర్‌నే బాగు చేసుకోవాలి. అసలు దారి హెడర్లే.

నయీంనగర్_డీటీపీ (11:45)
నోమోడ్‌సెట్ పెట్టాను, అదే నలుపు. పాత కెర్నెల్‌తో చూశాను, అదీ నలుపే. ఎఫ్3 తెర మాత్రం వచ్చింది. డీకేఎంఎస్ స్టేటస్‌లో రెండు కెర్నెళ్ళకూ 'ఇన్‌స్టాల్డ్' అనే ఉంది. పెండ్లివాళ్ళను టీ తాగి రమ్మని పంపించాను.

కాజీపేట_లాగ్ (11:49)
హెడర్లు సగమే దిగి ఉంటాయి. కొత్త కెర్నెల్ హెడర్లు తీసేసి మళ్ళీ పెట్టండి, తర్వాత డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ కొట్టండి.

భూపాలపల్లి_నైట్‌షిఫ్ట్ (11:53)
అన్నా, నిన్నటిదాకా మంచిగ నడిచిన పాత కెర్నెల్‌తో కూడా రావట్లేదంటే అది హెడర్ల సంగతి కాదు కదా.

కాజీపేట_లాగ్ (11:58)
మాడ్యూల్ ఇన్‌స్టాల్డ్ అని చూపించి కూడా ఎక్కని కేసులున్నాయి తమ్ముడూ. ముందు హెడర్లు తేలనివ్వండి.

సుబేదారి_రిపేర్ (12:04)
చూశారా? గంటన్నర పోయింది. నా మాట విని ఉంటే ఈపాటికి కొత్త మింట్ ఎక్కి, ప్రూఫ్ కూడా అయిపోయేది. ఈ చదువుకున్న పిల్లలకు కంప్యూటర్ బాగవడం కంటే జబ్బు పేరు తెలుసుకోవడమే ముఖ్యం.

కాజీపేట_లాగ్ (12:09)
మీ నోమోడ్‌సెట్ కూడా పనిచేయలేదు. అది మాత్రం చెప్పరు.

సుబేదారి_రిపేర్ (12:13)
నువ్వు ఎప్పుడైనా కస్టమర్ ముందు కూర్చుని రిపేర్ చేశావా? ఆయన షాపుకు కిరాయి కట్టాలి. నువ్వు కడతావా?

కాజీపేట_లాగ్ (12:31)
కూర్చోలేదు. కస్టమర్‌గా మాత్రం నిలబడ్డాను. 2016లో మా తాత దగ్గర కూర్చుని రెండు రాత్రులు మల్లన్న ఒగ్గుకథ రికార్డు చేశాను. ఆయన గొంతు, డోలు, మధ్యలో మా అమ్మమ్మ చాయ్ ఇవ్వడం, అన్నీ అందులో పడ్డాయి. తర్వాత నెలకు తెర రావట్లేదని మెషీన్‌ను ఒక షాపులో ఇచ్చాను. సాయంత్రం పోతే తెర వచ్చింది, డిస్కు ఖాళీ. విండోస్ కొత్తగా ఎక్కించి ఇచ్చారు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఇంటికి తెచ్చి పెడితే తెర మళ్ళీ రాలేదు. చూస్తే వీజీఏ కేబుల్లో ఒక పిన్ను వంగి ఉంది. కేబుల్ మార్చితే అయిపోయేది. తాత ఇప్పుడు లేడు. ఆ కథ ఇక మా ఇంట్లో ఎవరికీ రాదు.
అందుకే ఎవరైనా "గంట పని, మళ్ళీ ఎక్కించు" అంటే ఊరుకోలేను. తెర రాకపోతే డిస్కు ఏం పాపం చేసింది?

ఎనుమాముల_వాసి (12:35)
చదువుతుంటే మనసు కలుక్కుమంది.

సుబేదారి_రిపేర్ (12:58)
ఆ షాపు చేసింది తప్పు. అడగకుండా డిస్కు ముట్టుకోవడం మా పనిలో అన్నిటికంటే పెద్ద తప్పు. నేను డేటా తీసే ఎక్కిస్తాను, పొద్దున కూడా అదే రాశాను.
కానీ నా బాధ కూడా వినండి. ములుగు వైపు ఒక బడి ఉంది. ఎవరో పిల్లలు వచ్చి పది పాత మెషీన్లకు లినక్స్ ఎక్కించి, బోర్డు ముందు ఫోటో దిగి వెళ్ళారు. మంచి పనే. ఆరు నెలలకు నాలుగు మెషీన్ల తెరలు 800 బై 600లో ఇరుక్కున్నాయి. ఒక టీచరమ్మ సీపీయూలను చీరకొంగుతో తుడుచుకుంటూ ఆటోలో నా దగ్గరికి తెచ్చింది. పెట్టినవాళ్ళకు ఫోన్ చేస్తే ఎత్తట్లేదట. పాస్‌వర్డ్ కూడా ఎక్కడా రాసి పెట్టలేదు. నా చేతిలో ఉన్నది ఒక్కటే దారి, మళ్ళీ ఎక్కించడం. మీరు నన్ను తిడుతున్నది ఆ పనికే. లినక్స్ మీద నాకు కోపం లేదు. పెట్టి వెళ్ళిపోయేవాళ్ళ మీద ఉంది.

నయీంనగర్_డీటీపీ (1:06)
నా కథా అదే సార్. రెండేళ్ళ కింద ఒక కాలేజీ తమ్ముడు ఉచితంగా ఎక్కించి, రెండు మానిటర్లూ సెట్ చేసి ఇచ్చాడు. ఆ నంబర్ ఇప్పుడు పనిచేయట్లేదు. అతను ఏం ఫైళ్ళు మార్చాడో నాకు తెలియదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

కాజీపేట_లాగ్ (1:15)
రిపేర్ సార్, మీరు చెప్పింది నాకు తగిలింది. నేనూ కాలేజీలో ఉన్నప్పుడు అలా చాలామందికి ఎక్కించాను. వాళ్ళలో ఎంతమందికి నా ఇప్పటి నంబర్ ఉందో లెక్కపెడితే చేతివేళ్ళు ఎక్కువే.
డీటీపీ అన్నా, హెడర్ల మాట వదిలేద్దాం, భూపాలపల్లి తమ్ముడు చెప్పిందే నిజం. ఎఫ్3 తెర మీద సుడో మోడ్‌ప్రోబ్ ఎన్‌విడియా అని కొట్టి (డ్రైవర్‌ను చేత్తో ఎక్కించే కమాండ్ అది) ఏమంటుందో చెప్పండి. ఈటీసీ కింద ఎక్స్11 ఫోల్డర్లో జార్గ్ డాట్ కాన్ఫ్ అనే ఫైలు ఉందా కూడా చూడండి.

నయీంనగర్_డీటీపీ (1:24)
మోడ్‌ప్రోబ్ కొడితే 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అంటోంది. ఆ ఫైలు ఉంది, లోపల డ్రైవర్ ఎన్‌విడియా అని రాసి ఉంది.

సుబేదారి_రిపేర్ (1:26)
ఆగండి. ఈ మధ్య బయాస్ సెల్, అంటే బోర్డు మీద తేదీ, సెట్టింగులు నిలిపే సెల్ మార్చారా?

నయీంనగర్_డీటీపీ (1:33)
నేను మార్చలేదు. షాపులో ఉండే తమ్ముడిని అడిగాను. వారం రోజులుగా తేదీ తప్పు చూపిస్తోందని పొద్దున నేను రాకముందే గడియారాల దుకాణంలో గుండ్రటి సెల్ కొని వేశాడట. ఆన్ చేస్తే ఎఫ్1 నొక్కితే సెటప్, ఎఫ్2 నొక్కితే డిఫాల్ట్స్ అని వచ్చిందట, ఎఫ్2 నొక్కాడు. మంచి పని చేశాననుకుని నాకు చెప్పలేదు.

సుబేదారి_రిపేర్ (1:36)
అదే. మీ బోర్డు డిఫాల్ట్స్‌లో సెక్యూర్ బూట్ (నమ్మిన సంతకం లేనిదాన్ని ఎక్కనివ్వని కాపలా) ఆన్ అయి ఉంటుంది. అప్‌డేట్‌కూ దీనికీ సంబంధం లేదు.

కాజీపేట_లాగ్ (1:44)
సార్ పట్టేశారు. డీకేఎంఎస్ తయారుచేసిన మాడ్యూల్ మీద ఉన్న సంతకం తాలూకు కీ మీ మెషీన్లో నమోదు కాలేదు. సెక్యూర్ బూట్ ఆఫ్‌లో ఉన్నన్నాళ్ళూ ఎవరూ సంతకం అడగలేదు. ఇవాళ కెర్నెల్ అడిగింది, లేదని తోసేసింది. పాత కెర్నెల్‌తో రానిదీ అందుకే. ఆ కాన్ఫ్ ఫైలు ఎన్‌విడియానే కావాలని పట్టుబట్టింది కాబట్టి నోమోడ్‌సెట్ పెట్టినా తెర రాలేదు. మళ్ళీ ఎక్కించినా, ఆ కీ నమోదు చేయకుండా ఇదే డ్రైవర్ పెడితే కథ మొదటికే వచ్చేది.
సరైన పద్ధతి కీ నమోదు చేయడం. మోక్‌యుటిల్ అనే కమాండ్‌తో కీ ఇంపోర్ట్ చేసి ఒక పాస్‌వర్డ్ ఇస్తే, రీబూట్‌లో నీలం తెర వస్తుంది. పది సెకన్లలో ఏదో ఒక బటన్ నొక్కి ఎన్‌రోల్ మోక్ (కీ నమోదు) ఎంచుకోవాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉంటుంది.

సుబేదారి_రిపేర్ (1:47)
ఇవాళ బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆఫ్ చేయండి. నిన్నటి దాకా అలాగే నడిచింది. పెండ్లివాళ్ళు వెళ్ళాక నీలం తెర సంగతి చూసుకోవచ్చు.

కాజీపేట_లాగ్ (1:49)
ఆఫ్ చేస్తే రేపు ఇంకెవరో ఎఫ్2 నొక్కితే మళ్ళీ ఇదే గోల. కానీ సరే, ఇవాళ్టికి సారు చెప్పినట్టే చేయండి.

నయీంనగర్_డీటీపీ (2:10)
వచ్చింది! రెండు మానిటర్లూ వచ్చాయి. పత్రిక ప్రూఫ్ ఓకే అయింది, వరుడి ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుంటే సరిచేసి ఇచ్చాను. సెల్ వేసిన తమ్ముడు భయపడుతుంటే తిట్టలేదు, బిర్యానీ తెప్పించాను.
ఆ కీ నమోదు నాకు ఒక్కడికి ధైర్యం చాలట్లేదు. పాస్‌వర్డులు, కాన్ఫ్ ఫైల్లో ఏం మారిందో, అన్నీ ఒక నోట్‌బుక్‌లో తెలుగులో రాసి షాపులో పెట్టుకోవాలని ఉంది. ఎవరైనా పక్కనుంటే బాగుంటుంది. ఆ టైమ్‌కు ఎంతైతే అంత ఇస్తాను.

కాజీపేట_లాగ్ (2:15)
ఆదివారం వస్తాను అన్నా. డబ్బులు వద్దు. నా నంబర్ ఆ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పోతాను.

సుబేదారి_రిపేర్ (2:22)
పదకొండుకు నేనూ వస్తాను. డిజైన్లన్నీ ఇంకో డిస్కులోకి కాపీ చేసి పెడదాం, ఖాళీ డిస్కు ఒకటి తెస్తాను. మీరు పక్కన నిలబడితేనే మెషీన్ ముట్టుకుంటా.