జ్యోతిష యాప్‌లో గత జన్మ రిపోర్ట్: మీ గురించి మీకు ఏం తెలిసింది?

వానచినుకు:
కొంతకాలంగా ఒక జ్యోతిష యాప్ వాడుతున్నాను. పుట్టిన తేదీ, సమయం, ఊరు ఇస్తే జాతక చక్రంతో పాటు 'పూర్వజన్మ' అని ఒక విభాగం ఇస్తుంది. నాకు కేతువు పన్నెండో స్థానంలో ఉన్నాడట. గత జన్మలో లోకానికి దూరంగా సన్యాసిలా బతికాననీ, అందుకే ఈ జన్మలో జనం మధ్య ఇమడలేకపోతున్నాననీ రాసింది. అది చదివాక చాలాసేపు నిద్ర పట్టలేదు. చిన్నప్పటి నుంచీ నలుగురు చేరిన చోట నాకు ఊపిరాడదు. ఇన్నేళ్లకు దానికో కారణం దొరికిందనిపించింది. మీలో ఎవరైనా ఇలాంటివి వాడారా? అసలు ఈ రిపోర్ట్ ఎలా తయారవుతుంది? దీన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

మూలనక్షత్రం:
వానచినుకు గారూ, జాతకాలు చూడటం పెద్దల దగ్గర నేర్చుకున్నాను, జ్యోతిషం మీద నాకు గౌరవం ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పూర్వజన్మ గురించి చెప్పేటప్పుడు సాధారణంగా ఐదో స్థానం (పూర్వపుణ్యం), తొమ్మిదో స్థానం (భాగ్యం), పన్నెండో స్థానం (వ్యయం, మోక్షం), వీటితో పాటు కేతువును చూస్తారు. రాహుకేతువులు కంటికి కనిపించే గ్రహాలు కావు. చంద్రుడి దారి, సూర్యుడి దారి ఒకదాన్నొకటి ఖండించుకునే రెండు బిందువులు. ఎప్పుడూ ఎదురెదురుగా ఉంటాయి, ఒక్కో రాశిలో సుమారు ఏడాదిన్నర ఉంటాయి. అంటే ఆ ఏడాదిన్నరలో పుట్టినవాళ్లందరికీ కేతువు ఒకే రాశిలో ఉంటాడు. ఏ స్థానంలో ఉన్నాడన్నది లగ్నాన్ని (పుట్టిన సమయానికి తూర్పున ఉదయిస్తున్న రాశిని) బట్టి మారుతుంది, లగ్నం దాదాపు రెండు గంటలకోసారి మారుతుంది. మీకు వచ్చిన సన్యాసి కథ ఇంచుమించు ప్రతి పన్నెండు మందిలో ఒకరికి వస్తుంది. చాలా యాప్‌లలో ఒక్కో స్థానానికి ఒక పేరా ముందే రాసి పెట్టి ఉంటుంది.

ఇంకొన్ని యాప్‌లు షష్ట్యంశ చక్రం చూసి చెబుతాయి. పూర్వకర్మ తెలుసుకోవడంలో మన సంప్రదాయం దానికి చాలా విలువ ఇస్తుంది. కానీ అందులో 30 డిగ్రీల రాశిని 60 భాగాలు చేస్తారు. ఒక్కో భాగం అర డిగ్రీ. లగ్నం అర డిగ్రీ జరగడానికి సుమారు రెండు నిమిషాలు చాలు. పుట్టిన సమయం రెండు నిమిషాల తేడా కూడా లేకుండా ఎంతమందికి తెలుసు? చాలాసార్లు ఐదు నిమిషాలకో పదిహేను నిమిషాలకో సర్ది రాసేస్తారు. మీ సమయాన్ని కొద్దిగా జరిపి రిపోర్ట్ మళ్లీ తీయండి.

సెట్టింగ్స్‌లో అయనాంశ (రాశిచక్రాన్ని లెక్కించే రెండు పద్ధతుల మధ్య తేడా) కూడా చూడండి. పాశ్చాత్య పద్ధతి యాప్‌లు సాయనం (విషువత్తు నుంచి లెక్క) వాడతాయి, మనవి నిరయనం (నక్షత్రాల నుంచి లెక్క). రెండింటికీ ఇప్పుడు 24 డిగ్రీల దాకా తేడా ఉంది. అందుకే ఒక యాప్‌లో మేషంలో ఉన్న కేతువు ఇంకో యాప్‌లో మీనంలో కనిపించవచ్చు.

వానచినుకు:
ధన్యవాదాలండీ. సమయం కొంచెం జరిపి చూశాను. కేతువు అక్కడే ఉన్నాడు. కానీ షష్ట్యంశ కింద రాసిన పేరా మొత్తం మారిపోయింది. ఇప్పుడు అక్కడ ఓడల మీద తిరిగిన వర్తకుడు వచ్చాడు. అదీ చదువుతుంటే నా గురించే అనిపించింది, అదే నన్ను ఆలోచనలో పడేసింది.

పుస్తకాలపురుగు:
అలా అనిపించడానికి మనసు పనిచేసే తీరే కారణం. 1948లో బెర్ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, కొన్నాళ్ల తర్వాత ఎవరి ఫలితం వాళ్లకు ఇచ్చాడు. ఎంత సరిగ్గా ఉందో మార్కులు వేయమంటే సగటున ఐదుకు 4.26 వేశారు. నిజానికి అందరికీ ఇచ్చిన కాగితం ఒకటే. అందులో వాక్యాలు చాలావరకు ఒక జ్యోతిష పుస్తకంలోంచి తీసుకున్నవే.

1985లో షాన్ కార్ల్‌సన్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రచురించిన పరీక్ష కూడా గుర్తుంచుకోదగ్గది. ఒక జాతక చక్రం ఇచ్చి, ముగ్గురి వ్యక్తిత్వ వివరాల్లో అది ఎవరిదో చెప్పమంటే జ్యోతిష్కులు మూడింట ఒక వంతు మించి సరిగ్గా చెప్పలేకపోయారు. కళ్లు మూసుకుని ఎంచుకున్నా అంతే వస్తుంది.

యాప్‌లో హిప్నాసిస్ ఆడియో కూడా ఉంటే ఇంకాస్త జాగ్రత్త. కెనడాలో మనస్తత్వ శాస్త్రవేత్త నికలస్ స్పానోస్ బృందం హిప్నాసిస్‌లో గత జన్మలు చెప్పిన వాళ్లను పరిశీలించింది. ముందుగా వాళ్లకు ఏం ఆశించమని చెప్పారో, దానికి తగ్గట్టే 'జ్ఞాపకాలు' వచ్చాయి. వాళ్లు అబద్ధం చెప్పారని కాదు, వాళ్లకు ఆ దృశ్యాలు నిజంగానే కనిపించి ఉంటాయి.

అలలు:
అమ్మ పోయాక నేనూ ఒక యాప్‌లో మా ఇద్దరి జాతకాలు పెట్టాను. గత జన్మలో ఆవిడ నా కూతురని వచ్చింది. చివరి రోజుల్లో అమ్మకు అన్నం తినిపించింది, స్నానం చేయించింది నేనే. ఆ మాట చదివి చాలా ఏడ్చాను, మనసు తేలికపడింది. పైన రాసినవన్నీ చదివాను, ఒప్పుకుంటాను. అయినా ఆ వాక్యాన్ని నా నుంచి తీసేయకండి.

పుస్తకాలపురుగు:
అలలు గారూ, దాన్ని ఎవరూ తీసేయలేరు. అమ్మను బిడ్డలా చూసుకున్నారన్నది ఈ జన్మలోనే జరిగిన నిజం కదా. దానికి ఏ జాతకం సాక్ష్యం అక్కర్లేదు.

దారిదీపం:
నా అనుభవం దీనికి పూర్తిగా వ్యతిరేకం. మా ఆడపడుచు తన ఫోన్‌లో నా వివరాలు పెట్టి ఇద్దరి జాతకాలూ కలిపి చూసింది. నన్ను అడగనే లేదు. గత జన్మలో నేను ఆమెకు ద్రోహం చేశాననీ, మా మధ్య రుణానుబంధం ఉందనీ వచ్చింది. అప్పటి నుంచి నేను ఏం మాట్లాడినా అందులో పాత పగ వెతుకుతోంది. ఈ జన్మలో తప్పు చేస్తే క్షమించమని అడగొచ్చు, సరిదిద్దుకోవచ్చు. నాకు గుర్తే లేని జన్మలో చేశానంటున్న దానికి ఎలా జవాబు చెప్పను? ఆ రిపోర్ట్ చివర దోష నివారణకు పూజ, రత్నం కొనమని లింక్ కూడా ఉంది. భయపెట్టి, ఆ పక్కనే మందు అమ్మడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

మూలనక్షత్రం:
దారిదీపం గారూ, చదువుతుంటే బాధేసింది. రుణానుబంధం అన్నది ఎదుటి మనిషిని నిందించడానికి చెప్పిన మాట కాదు. మనం ఎవరికో ఏదో బాకీ ఉన్నామేమో అని ఓర్పుగా మెలగడానికి చెప్పారు. యోగసూత్రాలు చెప్పిన పతంజలి కూడా సంస్కారాలను (మనసులో మిగిలిన పాత ముద్రలను) సాక్షాత్కరించుకుంటే పూర్వజన్మ తెలుస్తుందన్నాడు. అంటే అది సాధకుడు లోపలికి చూసుకుని తన గురించి తాను తెలుసుకునేది. పక్కవాళ్ల పుట్టిన సమయం టైప్ చేసి తేల్చేది కాదు. వీలైతే మీ ఆయన ఎదుట ముగ్గురూ కూర్చుని ఈ మాట నేరుగా మాట్లాడుకోండి.

తెల్లకాగితం:
నేను ఇంకా వాడుతున్నాను, కాకపోతే వాడే పద్ధతి వేరు. రిపోర్ట్ తెరిచే ముందే ఆ రోజు నన్ను వేధిస్తున్న విషయం నోట్‌బుక్‌లో రాసుకుంటాను. తర్వాత చదివి, బాగా నచ్చిన వాక్యం, అస్సలు ఒప్పుకోలేని వాక్యం రెండూ ఎత్తి రాస్తాను. ఎందుకలా అనిపించిందో కింద రాస్తాను. ఒకసారి 'మీరు యోధులు' అని వచ్చింది. అది చదివి పొంగిపోయాను. రాస్తూ పోతే, ఆఫీసులో నా మాట నేను చెప్పలేకపోతున్నానన్న దిగులు బయటపడింది. యోధుడిగా పుట్టానో లేదో నాకు తెలియదు, దిగులు మాత్రం నాదే. తర్వాతి మీటింగ్‌లో నోరు విప్పాను.

చాట్ చేసే యాప్‌లైతే అదే ప్రశ్న మళ్లీ అడిగి చూడండి, ఇంకో జన్మ చెబుతాయి. ఉద్యోగం మానేయాలా, ఈ సంబంధం వదిలేయాలా లాంటివి దాన్ని అడగను.

ఒక మాట, వానచినుకు గారూ. నలుగురిలో ఊపిరాడకపోవడం ఈ శరీరానికి జరుగుతున్నది. సన్యాసి కథతో ఊరట దొరికితే మంచిదే. కానీ 'నా కర్మ ఇంతే' అని అక్కడ ఆగిపోతే, తగ్గే అవకాశం ఉన్నదాన్ని జీవితాంతం మోస్తారు. సోషల్ యాంగ్జైటీకి మంచి చికిత్స ఉంది. ఒక్కసారి కౌన్సెలర్‌ని కలవండి.

వానచినుకు:
ఈ మాట నాతో ఇంతవరకు ఎవరూ అనలేదు. నేను దాన్ని స్వభావం అనుకున్నాను, తర్వాత గత జన్మ అనుకున్నాను. వచ్చే వారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. వెళ్లొచ్చాక ఇక్కడే రాస్తాను. యాప్ తీసేద్దామనుకుంటున్నాను, నా పుట్టిన వివరాలు కూడా పోతాయా?

దారిదీపం:
ఫోన్‌లోంచి తీసేస్తే యాప్ మాత్రమే పోతుంది, వాళ్ల దగ్గర మీ అకౌంట్ అలాగే ఉంటుంది. ముందు ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో డిలీట్ అకౌంట్ నొక్కండి. ఆ ఆప్షన్ లేకపోతే వివరాలు తొలగించమని మెయిల్ పెట్టండి. ఇంట్లోవాళ్ల జాతకాలు కూడా సేవ్ చేసి ఉంటే అవీ తీయించండి.