కర్జన్ పుట్టిన ఇల్లు చూసినవాళ్లెవరైనా ఉన్నారా? (డెర్బీ దగ్గర, కెడిల్‌స్టన్)

గోదారి_గట్టు:
మా అమ్మాయి నాటింగ్‌హామ్‌లో చదువుతోంది. వచ్చే నెల నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. లార్డ్ కర్జన్ పుట్టిన కెడిల్‌స్టన్ హాల్ అక్కడికి దగ్గరేనట. కర్జన్ అంటే నాకు తెలిసింది 1905 బెంగాల్ విభజన, రెండు మార్కుల ప్రశ్న. అంతే. మనిషి గురించి, ఇంటివాళ్ల గురించి తెలిసినవాళ్లు రాయండి. చదువుకుని వెళ్తాను.

డెర్బీ_బాబాయ్:
ముందు ఏ రోజుల్లో తెరుస్తారో చూసుకోండి. మేం మొదటిసారి పిల్లల్ని వేసుకుని వెళ్తే ఆ రోజు తోట మాత్రమేనన్నారు. కట్టుకెళ్లిన పులిహోర చెట్టుకింద తిని వచ్చేశాం. రెండోసారి లోపలికి వెళ్లాం. పెద్ద హాల్లో 20 అలబాస్టర్ స్తంభాలు, తలెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది. 1987 నుంచి నేషనల్ ట్రస్ట్ (పాత కట్టడాల్ని కాపాడే సంస్థ) చూసుకుంటోంది, ఒక పక్క భాగంలో ఆ కుటుంబం ఇప్పటికీ ఉంటోంది. ఆయన మన వైపు నుంచి పోగేసి పట్టుకెళ్లిన సామానుతో మ్యూజియం కూడా ఉంది. అది చూస్తే కడుపు మండుతుంది, ముందే చెప్తున్నా.

హౌరా_ఎక్స్‌ప్రెస్:
కోల్‌కతాలో పదకొండేళ్లు ఉద్యోగం చేశాను, రోజూ రాజ్‌భవన్ ముందునుంచే ఆఫీసుకి. కెడిల్‌స్టన్ నమూనా చూసే అప్పటి గవర్నర్ జనరల్ వెల్లస్లీ దాన్ని కట్టించాడు, 1803కి పూర్తయింది. తమాషా ఏంటంటే, కెడిల్‌స్టన్‌కి నాలుగు రెక్కలు (పక్క భవనాలు) కడదామనుకుని రెండుతో ఆపేశారు. కోల్‌కతాలో నాలుగూ ఉన్నాయి. 1899లో వైస్రాయ్‌గా దిగిన కర్జన్ సొంతింటి నకల్లో కాపురం పెట్టాడన్నమాట, అదీ అసలుకన్నా నిండుగా ఉన్న నకల్లో!

హిస్టరీ_మాస్టారు:
ఆయన 1859లో పుట్టాడు, పదకొండుమంది సంతానంలో పెద్దకొడుకు. తండ్రికి ఎస్టేటూ బిరుదూ ఉన్నాయి, ఊరి చర్చి ఫాదరూ ఆయనే. పిల్లల్ని పెంచింది మాత్రం మిస్ పారామన్ అనే గవర్నెస్. తనను కొట్టడానికి బెత్తం తయారుచేయమని పిల్లాడి చేతే బట్లరుకి ఉత్తరం రాయించేది. 'అబద్ధాలకోరు', 'పిరికిపంద' అని రాసిన కోను టోపీ పెట్టి ఊళ్లో తిప్పింది. కుర్రతనంలోనే నడుం దెబ్బతిని, బతికినన్నాళ్లూ బిగుతైన పట్టీ కట్టుకునే తిరిగాడు. ఆ నిటారు నడక చూసి జనం పొగరనుకున్నారు. పొగరూ ఉందిలెండి.

నాకు విచిత్రంగా అనిపించేది పదవి సంగతి. అప్పట్లో అక్కడ తండ్రి పోతే బిరుదు పెద్దకొడుకుకి వచ్చేది, వచ్చిన మరుక్షణం కామన్స్ సభ (ఎన్నికైనవాళ్ల సభ) సీటు పోయి ప్రభువుల సభకి వెళ్లాల్సి వచ్చేది. ఆ రూలు మార్చాలని 1894లో ఇద్దరు మిత్రులతో కలిసి ప్రయత్నించాడు, కుదర్లేదు. 1898లో వైస్రాయ్ పదవితో బిరుదిస్తుంటే ఐర్లండ్ ఖాతాలో తీసుకున్నాడు, తిరిగొచ్చాక మళ్లీ కామన్స్‌కి నిలబడొచ్చని. ఇంత జాగ్రత్తపడ్డా ప్రభువుల సభకే చేరాడు. 1923 మేలో ప్రధాని బొనార్ లా జబ్బుచేసి తప్పుకున్నాడు. కర్జన్ ఉన్న పల్లెటూరి బంగళాలో ఫోను లేదు, టెలిగ్రామ్ వస్తే ప్రధాని పదవి తనదేననుకుని లండన్ వచ్చాడు. రాజుగారి కార్యదర్శి ఇంటికొచ్చి, ప్రధానిగా బాల్డ్విన్‌ని పిలుస్తున్నారని చెప్పాడు. ప్రభువుల సభలో ఉండటం ఒక పెద్ద కారణం. ఏడ్చేశాడంటారు.

ఓరుగల్లు_పిల్లోడు:
మాస్టారూ, ఏడుపు సరే. 1902లో మన ఆరో నిజాం దగ్గర బేరార్‌ని (ఇప్పటి విదర్భ వైపు ప్రాంతం) ఏడాదికి 25 లక్షలకి శాశ్వత కౌలుకి రాయించుకున్నది ఈయనే కదా. ఆ తర్వాత నిజాంకి జి.సి.బి. అని బిరుదిస్తే, అంటే 'గేవ్ కర్జన్ బేరార్' అని నవ్వుకునేవారట. నాకైతే జాలి రావట్లేదు.

హిస్టరీ_మాస్టారు:
జాలిపడమని ఎవరన్నారు నాయనా. ఏడ్చాడన్నాను, అంతే.

మగ్గం_అక్క:
నేను పోయినేడు మా చెల్లెలి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ నెమలి డ్రెస్ కోసమే వెళ్లాను. 1903 ఢిల్లీ దర్బారులో ఆయన భార్య మేరీ వేసుకున్నది. ఆమె చికాగో వ్యాపారి లెవీ లైటర్ కూతురు, 1895లో పెళ్లి. బట్ట మీద జర్దోసీ అంతా ఢిల్లీ పనివాళ్లది, గౌను కుట్టింది పారిస్‌లో. బరువు నాలుగున్నర కిలోల దాకా ఉంటుంది. ఒంటినిండా నెమలి ఈకలే, ఒక్కో ఈక కంటిలో పచ్చగా మెరిసేది రాయి అనుకున్నాను. కాదు, పురుగు రెక్క! చిన్నప్పుడు అగ్గిపెట్టెలో జీరంగిని పెంచినవాళ్లకి ఆ రంగు చూడగానే తెలుస్తుంది. నూటిరవై ఏళ్లకి జరీ నల్లబడింది గానీ రెక్కలు నిన్న కుట్టినట్టున్నాయి. పాపం, ఆవిడ 1906లో, 36 ఏళ్లకే పోయింది.

గోదారి_గట్టు:
అక్కా, పిల్లలు?

బామ్మ_కబుర్లు:
ముగ్గురూ ఆడపిల్లలే. ఐరీన్, సింథియా, అలెగ్జాండ్రా. మూడోపిల్ల 1904లో పుడితే సిమ్లా దగ్గరి నాల్దేరా పేరు కూడా కలిపి పెట్టారు. కొడుకు కోసం తపించిపోయాడు. 1917లో ముగ్గురు పిల్లలున్న గ్రేస్ అనే వితంతువుని చేసుకున్నాడు, అయినా కలగలేదు. 1925లో ఆయన పోగానే మార్క్విస్ బిరుదు అంతటితో ఆగిపోయింది, తాతలనాటి స్కార్స్‌డేల్ బిరుదు తమ్ముడి కొడుక్కి వెళ్లింది.

డబ్బు గొడవ మన ఇళ్లలోలాగే. అమ్మవైపు తాత సొమ్ములో మా వాటా మాకివ్వమని పెద్దపిల్లలిద్దరూ అడిగితే తండ్రి మాటలు మానేశాడు. ఇక అసలు సంగతి: ఆడవాళ్లకి ఓటు వద్దన్న సంఘానికి ఈయన అధ్యక్షుడు! సింథియా 1929లో లేబర్ ఎంపీ అయింది. (మొగుడు మోస్లీ తర్వాత ఫాసిస్టు పార్టీ పెట్టాడు, ఆమె 1933లో 34 ఏళ్లకే పోయింది.) ఐరీన్ 1958లో ప్రభువుల సభకి జీవితకాల సభ్యత్వం పొందిన మొదటి నలుగురు ఆడవాళ్లలో ఒకరు. నాన్న కూర్చున్న సభలోనే!

గోదారి_గట్టు:
వెళ్లొచ్చాం. అందరికీ థాంక్స్. డ్రెస్ దగ్గర మా ఆవిడ అరగంట కదల్లేదు. ఇంటిని ఆనుకునే చర్చి, అందులో కర్జన్, మేరీ పాలరాతి బొమ్మలు పక్కపక్కన పడుకుని ఉన్నాయి. పిల్ల ఫొటోలు తీస్తుంటే మా ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "ఏవండీ, మరి రెండో ఆవిడ ఏదీ?" అంది.