పెద్ద హీరో లేకపోతేనే భయమేస్తుందా?

నేలటికెట్:
తక్కువ డబ్బుతో తీసే దెయ్యం, క్రైమ్ సినిమాల మీద నిన్న మా బావతో గొడవ. "డబ్బుల్లేనోళ్లంతా దెయ్యాన్ని పట్టుకుంటారు, నువ్వేమో అవే చూస్తావు" అన్నాడు. నాకు మాత్రం పెద్ద థ్రిల్లర్ల కంటే ఇవే ఎక్కుతాయి. పెద్ద హీరో చావడని, హంతకుడు కాడని టికెట్ కొన్నప్పుడే తెలిసిపోతుంది, ఇంక భయమెక్కడిది? 2003లో 'ఐతే' చూస్తున్నప్పుడు ఆ నలుగురు నిరుద్యోగుల్లో ఎవడు మిగులుతాడో చివరిదాకా తెలీలేదు. కామెడీకి అలవాటైన సత్యం రాజేష్‌ని చేతబడి కథ 'మా ఊరి పొలిమేర'లో పెట్టడమే సగం దెబ్బ. మొదటిది 2021లో ఫోన్లో చూసి జడుసుకున్న నేనే, 2023లో రెండోదానికి థియేటర్‌కెళ్లా.

మిక్సింగ్‌రూమ్:
నేను సౌండ్ పనిలో ఉన్నానండీ, గుట్టు చెప్పేస్తా. తలుపు తెరిచే సీనుకి ముందు అన్నీ తీసేస్తాం. ఫ్యాను చప్పుడు, కీచురాళ్లు, ఏమీ ఉండదు. మీరు కొంచెం ముందుకి వంగుతారు. అప్పుడు అన్ని ట్రాకులూ ఒక్కసారే లేపుతాం. పక్కన బెలూన్ పగిలినా మీరు అంతే ఎగురుతారు. ఆ లెక్కన బెలూన్ కూడా గొప్ప డైరెక్టరే. ఇంట్లో మ్యూట్ చేసి చూడండి, నవ్వొస్తుంది.

సెకండ్‌షో:
@మిక్సింగ్‌రూమ్ అన్నా, అన్నీ అంతే అనకు. 1968లో వచ్చిన 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' తీసింది దాదాపు 1,14,000 డాలర్లతో. బ్లాక్ అండ్ వైట్ కాబట్టి నెత్తురికి చాక్లెట్ సిరప్ పోశారు. కథంతా దాదాపు ఒక పొలం ఇంట్లోనే. బయట శవాలు తిరుగుతుంటే, లోపలున్నవాళ్లు సెల్లార్లో దాక్కుందామా, పైనే ఉందామా అని కొట్టుకుంటారు. నాకు చెమట పట్టింది ఆ గొడవకే. మ్యూట్ చేసినా పడుతుంది. ఇంకో ఇంటికి డబ్బులుంటే వాళ్లని అటు పరిగెత్తించేవాళ్లు, గొడవే ఉండేది కాదు.

పాలమూరుపిల్ల:
అందరూ షాట్ల గురించే మాట్లాడుతున్నరు. చేతబడి మీకు జానర్. మా అమ్మమ్మ వాళ్ల ఊర్ల ఒకామె వాకిట్ల ఎవరో కుంకుమ పూసిన నిమ్మకాయ పడేసిపోయిన్రు. ఆ వారమే పక్కింటోళ్ల దూడ సచ్చింది. అంతే, ఆమె దగ్గర పాలు కొనుడు బంద్. పొద్దుగాల బిందె నెత్తిన పెట్టుకొని పోయి, అట్లనే నిండు బిందెతోని ఇంటికొచ్చేది. బాణామతి చేస్తున్నరని మనుషులను కొట్టి చంపిన కేసులు తెలంగాణల ఎన్ని లేవు? నిమ్మకాయకు రెండు రూపాయలే, మీకు చవకనే. ఆమెకు?

నేలటికెట్:
దీనికి నా దగ్గర సరైన జవాబు లేదక్కా. నిజంగా. 'సినిమానే కదా' అనబోయి ఆగిపోయా. కాకపోతే ఒకటి: ఆమె మీద నింద వేసినోడు ఎవడు, ఆ దూడ ఎందుకు చచ్చింది అని తవ్వితే అదీ క్రైమ్ సినిమానే. ఊరు అదే, నిమ్మకాయా అదే. అంతమంది చూస్తుండగా నిండు బిందె వెనక్కి రావడం కంటే భయపెట్టేది నాకు తోచట్లేదు.

సెకండ్‌షో:
పెద్ద హీరో చేస్తే రెండో రీల్లోనే ఊరందర్నీ కొట్టి పాలు కొనిపిస్తాడు 😀

మిక్సింగ్‌రూమ్:
ఎవరైనా రాయండయ్యా. సౌండ్ ఊరికే చేసిపెడతా. బిందెలో పాలు తొణికే చప్పుడు చాలు, బెలూన్ పెట్టను.