పుట్టినరోజుకి కుస్తీ బరి వెయ్యొచ్చా, వద్దా?

కోనసీమ కోడలు (అమలాపురం దగ్గర):
మా బాబుకి జనవరి మొదటి వారంలో తొమ్మిదేళ్లు నిండుతాయండి. "నా పుట్టినరోజు డబ్ల్యూడబ్ల్యూఈలా చెయ్యాలి, బరి ఉండాలి, బెల్టు ఉండాలి" అని రెండు నెలల నుంచి ఒకటే గోల. అదేనండి, టీవీలో వచ్చే అమెరికా కుస్తీ షో, గెలిచినవాడికి బెల్టు ఇస్తారు. మావాడితో కలిపి పద్నాలుగు మంది పిల్లలు ఉంటారు, అందులో అయిదుగురు ఆడపిల్లలు. మా అత్తగారేమో "అక్షింతలేసే రోజున పిల్లలు కొట్టుకోవడమేంటే" అంటున్నారు. మా ఆయన పెరట్లో బరి కట్టేస్తానంటున్నారు. నాకు ఎటూ తేలట్లేదు. పిల్లలున్నవాళ్లు చెప్పండి.

లంక మనిషి:
వద్దండి. మా చిన్నప్పుడు టీవీలో చూసి మా అన్నయ్య అరుగు మీంచి మోచెయ్యి ముందుకు పెట్టి మా పిన్ని కొడుకు మీదకి దూకాడు. కింద గడ్డి పరిచాం, ఏం కాదనుకున్నాం. వాడి భుజం దగ్గర ఎముక విరిగింది. మాది లంక ఊరు. ఏరు దాటించే పంటు అవతలి రేవులో ఉంది. అది తిరిగొచ్చేదాకా పిన్ని వాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఇసకలో కూర్చుంది. వాడు ఏడవను కూడా లేదు, పెదాలు తెల్లబడిపోయి నీళ్ల వైపే చూస్తున్నాడు. టీవీలోవాళ్లకి ఎలా పడాలో ఏళ్ల తరబడి నేర్పుతారు. గెలుపెవరిదో ముందే అనుకుని దిగుతారు. 1989లో అమెరికాలో న్యూజెర్సీ సెనేట్ ముందు ఆ షో నడిపే కంపెనీయే ఇది వినోదమని ఒప్పుకుంది. పిల్లలు మాత్రం నిజంగానే మీద పడతారు కదా.

పాలకొల్లు బుల్లోడు:
చెయ్యండి మేడమ్. 2023 సెప్టెంబరులో డబ్ల్యూడబ్ల్యూఈ ఆటగాడు జాన్ సీనా హైదరాబాద్ వచ్చినప్పుడు మావోణ్ణి తీసుకెళ్లాను. గచ్చిబౌలిలో ఆ స్టేడియానికి మన కోనసీమ బాలయోగి గారి పేరే. ఇంటికొచ్చాక మావోడు ఎవర్నీ కొట్టలేదు, నెల్రోజులు మెళ్లో తువ్వాలు వేసుకుని, వాళ్లు బరిలోకి వచ్చినట్టు పాటకి నడిచొచ్చేవాడంతే. పిల్లలకి ఆ రావడమే సరదా. ముసుగులు, అట్టబెల్టు, ఒక్కొక్కడికీ ఒక పేరు, ఒక పాట. పట్లు మాత్రం వద్దు.

వ్యాయామం మాస్టారు (తణుకు):
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారండి. డబ్ల్యూడబ్ల్యూఈ వేరు, కుస్తీ వేరు. కుస్తీలో గుద్దడం లేదు, తన్నడం లేదు, ఎత్తు మీంచి దూకడం అసలే లేదు. ఎదుటివాడి రెండు భుజాలూ నేలకి ఆనిస్తే గెలుపు. మన పెద్దలు కసరత్తు చేసే తాలింఖానాల్లో నేర్చుకున్నదీ అదే. 1882లో వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారిని కలియుగ భీముడన్నది ఊరికే కాదు. తొమ్మిదేళ్ల మగపిల్లలు నలుగురు చేరినా కలబడతారు. మీరు బరి వెయ్యకపోతే మేడ మీద నీళ్ల ట్యాంకు వెనకాల కలబడతారు, అక్కడ సిమెంటు నేల. అందుకే ఎదురుగా, పద్ధతిగా ఆడించమంటాను.

గడ్డి ఒక్కటే పరిస్తే జారిపోయి నేల తేలుతుంది. లంక మనిషి గారి ఇంట్లో జరిగింది కూడా అదే అయ్యుంటుంది. కొబ్బరి పీచు పరుపులు అంచుకి అంచు చేర్చి, మీద ధాన్యం ఆరబెట్టే బరకం బిగించి, నాలుగు పక్కలా ఇసక బస్తాలు పెట్టండి. గుంజలు, తాళ్లు వద్దు. గుంజ ఉంటే ఎక్కుతారు, ఎక్కితే దూకుతారు. నిలబడి పట్టుకోనివ్వకండి, ఇద్దర్నీ మోకాళ్ల మీద కూర్చోబెట్టే మొదలెట్టాలి. మెడ పట్టుకోకూడదు, పైకెత్తకూడదు. అరనిమిషం చాలు. "చాలు" అని ఎవరన్నా వెంటనే వదిలెయ్యాలి. పెద్దవాళ్లొకరు పక్కనే మోకాళ్ల మీద ఉండాలి, అరుగు మీంచి ఫోనులో వీడియో తీస్తూ కాదు. కేకు, బిర్యానీ ఆట అయ్యాకే.

అన్నిటికంటే ముఖ్యం, జోడీలు బరువుని బట్టి కలపండి. మా బళ్లో ఒకసారి కొబ్బరికాయలు తూచే కాటా తెచ్చి, ఒక్కొక్కణ్ణీ ఎక్కించి, అంకె అరచేతిలో పెన్నుతో రాశాను. అప్పటిదాకా తోసుకుంటున్నవాళ్లంతా వరసలో నిలబడి, నా వంతు ఎప్పుడొస్తుందా అని చెప్పులు కూడా విప్పేశారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన వినేశ్ ఫొగాట్ కుస్తీ 50 కిలోల ఫైనల్ ముందు 100 గ్రాములు ఎక్కువుందని పోటీకి దూరమైన సంగతి అప్పుడే చెప్పాను. వాళ్లకి బాగా పట్టింది.

భీమవరం అక్క:
మాస్టారూ, మీరు చెప్పింది రైటే. నా భయం వేరు. తేదీ సంక్రాంతి ముందు. మా వైపు అప్పటికే ఊరి బయట కోడిపందేల బరులు లేస్తాయి, పిల్లలు అన్నీ చూస్తారు. పోయిన పండక్కి మా వీధి పిల్లలు ఇద్దర్ని కలబెట్టి చుట్టూ చేరి పది రూపాయలు, పది రూపాయలు పందేలు కాశారు. ఓడినవాణ్ణి వాడి సొంత అన్నే తిట్టాడు, డబ్బులు పోయాయని. దెబ్బ తగిలితే మానుతుంది, ఇది ఎలా మాన్పిస్తాం? గెలుపోటములు లెక్కపెట్టకండి. బెల్టు ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఒకటి ఇచ్చెయ్యండి. ఆడపిల్లల్ని చప్పట్లు కొట్టడానికి కూర్చోబెట్టొద్దు. 2016 రియో ఒలింపిక్స్‌లో మనకి మొదటి పతకం తెచ్చింది కుస్తీలో సాక్షీ మలికే.

లంక మనిషి:
మాస్టారు గారి పద్ధతి బాగుందండి. అయినా నా కూతుర్ని బరిలోకి దింపను. వేరేవాళ్ల పిల్లల గురించి నేను మాట్లాడను, నా భయం నాకు పోదు. ఆడకుండా పక్కన ఉండే పిల్లలకి కూడా ఏదో పని పెట్టండి, వాళ్లని పిరికోళ్లనకుండా.

కోనసీమ కోడలు:
అందరికీ దణ్ణాలండి. తాళ్లు తీసెయ్యమని మా ఆయనకి చెప్పేశాను, కాస్త మొహం మాడ్చుకున్నారు. ఆడనివాళ్లు ఈల వేసి, గంట కొట్టి, అరచేతుల్లో బరువు అంకెలు రాస్తారు. బెల్టులు పద్నాలుగూ అట్టముక్కలకి బంగారు కాగితం అంటించి చేస్తున్నాం, మూడు అయ్యాయి. లంక మనిషి గారూ, మీ అన్నయ్య సంగతి మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, పరుపుల పక్కన తనే కూర్చుంటానని, ఎవడన్నా మెడ పట్టుకుంటే ఆట ఆపేస్తానని అన్నారు. కాటా రేపు మావగారు కొబ్బరి కొట్టు నుంచి తెస్తారు.