అప్‌డేట్: బోటు టాప్ కుట్లు ఊడిపోతున్నాయని అడిగింది నేనే

విశాఖలో ఒక టూరిస్టు బోటుకి కాన్వాస్ టాప్ కుట్టిచ్చాను, గుడ్డ బాగానే ఉన్నా ఏడాదికే కుట్లు విడిపోతున్నాయని పోయిన నెల అడిగాను కదా. తప్పు దారానిదే. నేను వాడింది నైలాన్. గోటితో గీరితే పొడిలా రాలింది! ఎండకి పాలిస్టరే ఎక్కువ కాలం ఆగుతుందట. మొత్తం విప్పి, యూవీ తట్టుకునే పాలిస్టర్ దారంతో మళ్లీ కుట్టాను. పాత సూది బెజ్జాల్లోంచి నీళ్లు కారకుండా పైన పట్టీ వేశాను. కూలి అడగడానికి నోరు రాలేదు. సీట్ల అడుగున కొట్టిన పిన్నులు కూడా తుప్పే, ఈసారి స్టెయిన్‌లెస్‌వి తెప్పించాను. పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) దారం ఇంకా మేలన్నారు గానీ, ధర విని ఫోన్ పెట్టేశాను. జిప్పులు మాత్రం ఉప్పుకి బిగుసుకుపోతూనే ఉన్నాయి.